స్లీప్ ఆప్నియా: బరువు తగ్గితే ఎంత మేలు?

గురక పెట్టి పడుకున్నాడంటే ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడని మన ఇళ్లలో ఒక నమ్మకం. పగలంతా కష్టపడ్డ మనిషి, లేపొద్దు అంటారు. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, పది పదిహేను సెకన్లు గదిలో చప్పుడే లేకుండా పోయి, తర్వాత ఉక్కిరిబిక్కిరవుతూ పెద్ద శబ్దంతో మళ్లీ మొదలైతే మాత్రం అది మంచి నిద్ర కాదు. ఆ కాసేపూ ఆ మనిషికి ఊపిరి ఆడలేదు. వైద్యులు దీన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. అన్ని వయసుల్లో, అన్ని రకాల శరీరాల్లో కనిపించే జబ్బే అయినా, పెద్దవాళ్లలో దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం అధిక బరువు. అదృష్టవశాత్తూ మార్చుకోగలిగిన కారణం కూడా అదే.

తెలుగువాళ్లకు ఈ జబ్బు పేరు గట్టిగా వినిపించింది 2022 ఫిబ్రవరిలో. ‘సింహాసనం’, ‘స్టేట్ రౌడీ’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో ఒక తరాన్ని ఊపేసిన సంగీత దర్శకుడు బప్పి లహరి ఆ నెల 15న ముంబయిలో 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయనకు పలు అనారోగ్యాలు ఉన్నాయనీ, స్లీప్ ఆప్నియా వల్ల మరణించారనీ ఆస్పత్రి వైద్యులు ప్రకటించారు. గురకతో మొదలయ్యే జబ్బు ప్రాణం మీదికి తేగలదని చాలామందికి అప్పుడే తెలిసింది.

ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా గాలి వెళ్లే దారికి ఎముకల ఆసరా లేదు. చుట్టూ ఉన్నవి మెత్తని కండరాలే. మెలకువగా ఉన్నప్పుడు అవి బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు కూడా వెనక్కి జారుతుంది. సన్నటి మనిషికి అప్పటికీ గాలి ఆడేంత చోటు మిగులుతుంది. మెడలో, నాలుకలో, గొంతు గోడల్లో కొవ్వు చేరిన మనిషికి దారి ముందే ఇరుకు. తడిసిన కాగితం స్ట్రాను గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోయినట్టు, ఊపిరి పీల్చే ప్రయత్నంలోనే గొంతు మూసుకుపోతుంది. ఛాతీ గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ప్రమాదం పసిగట్టిన మెదడు మనిషిని రెండు మూడు సెకన్లు లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. తెల్లారాక ఇవేవీ గుర్తుండవు. గుర్తుండేది తలనొప్పి, నోరు ఎండిపోవడం, ఎనిమిది గంటలు పడుకున్నా తీరని బడలిక.

ఇందులో బొజ్జకూ పాత్ర ఉంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, పడుకున్నప్పుడు డయాఫ్రాన్ని పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ తగ్గుతుంది. ఊపిరితిత్తులు నిండుగా ఉన్నప్పుడు శ్వాసనాళాన్ని కిందికి లాగి గొంతును గట్టిగా నిలబెడతాయి. ఆ లాగుడు సడలితే గొంతు ఇంకా తేలిగ్గా కుంగిపోతుంది. అందుకే వైద్యులు తూకం ఒక్కటే చూడరు. మెడ కొలత, నడుము కొలత కూడా తీసుకుంటారు. ప్రపంచమంతటా వాడే ‘స్టాప్-బ్యాంగ్’ ప్రశ్నావళిలో 40 సెంటీమీటర్లు దాటిన మెడ ఒక హెచ్చరిక.

జబ్బు తీవ్రతను ఏహెచ్‌ఐ అనే అంకెతో చెబుతారు. నిద్రలో గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగా ఆగింది, లేదా బాగా సన్నగిల్లింది అన్నదే ఆ లెక్క. కనీసం పది సెకన్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. అయిదు లోపు మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రిపోర్టు మీద 40 అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది. ఏడు గంటల నిద్రకు దాన్ని హెచ్చిస్తే ఒక్క రాత్రిలో 280 సార్లు ఊపిరికి అడ్డం పడిందని అర్థం. బీపీ మాత్రలు రెండు మూడు రకాలు వేసుకున్నా అదుపులోకి రాని వాళ్లలో ఈ జబ్బు తరచుగా బయటపడటానికి కారణం ఇదే. రాత్రంతా అన్నిసార్లు ఉలిక్కిపడిన గుండె, రక్తనాళాలు పగలు నెమ్మదించవు.

1956లో అమెరికా వైద్యుడు సిడ్నీ బర్వెల్, ఆయన సహచరులు రాసిన ఒక రోగి కథ వైద్యచరిత్రలో నిలిచిపోయింది. సుమారు 120 కిలోల బరువున్న ఆ వ్యాపారి పేకాటలో గెలుపు ఖాయమైన ముక్కలు చేతిలో పెట్టుకుని కూడా, పందెం వేయకుండా కూర్చున్నచోటే నిద్రలోకి జారుకున్నాడు. ఆ తర్వాతే ఆస్పత్రిలో చేరాడు. తక్కువ కేలరీల ఆహారంతో బరువు దింపాక ఆయన మగత వదిలింది. గొంతు మూసుకుపోవడమే అసలు సంగతి అని తేలడానికి మాత్రం ఇంకొన్నేళ్లు పట్టింది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియాన్ గిల్లెమినో బృందం స్లీప్ ఆప్నియాను ఒక ప్రత్యేక జబ్బుగా వివరించింది. 1981లో సిడ్నీ నగరానికి చెందిన వైద్యుడు కోలిన్ సలివన్, ముక్కుకు తగిలించిన మాస్కు గుండా మెల్లని ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకోదని చూపించారు. ఆయన తొలి యంత్రాలకు వాక్యూమ్ క్లీనర్ మోటారునే వాడుకున్నారు. ఇవాళ్టి సీప్యాప్ మెషీన్ దానికి వారసురాలు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను స్థాపించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్, ఆ సంస్థ ఉద్యోగుల కాలనీగా ఎదిగింది. చుట్టుపక్కల మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు, పోచారంలో ఐటీ క్యాంపస్. తూర్పు హైదరాబాద్‌లో షిఫ్టు డ్యూటీ ఎరగని వీధి ఉండదు. రాత్రి డ్యూటీ చేసి పగలు కిటికీ పరదాలు వేసుకుని పడుకునేవాళ్ల నిద్ర ముందే కోతపడి ఉంటుంది. దాని మీద ఆప్నియా కూడా చేరితే మిగిలేది మరీ తక్కువ. పైగా సాయంత్రమైతే ఈసీఐఎల్ చౌరస్తా నుంచి రాధిక చౌరస్తా దాకా రోడ్డుకు రెండువైపులా బజ్జీలు, బేకరీలు, స్వీటు షాపులు, మండీలు. రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని పదకొండున్నరకు పడుకోవడం ఒక తరానికి అలవాటైపోయింది.

మన బరువు సంగతి లెక్కలే చెబుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం మహిళలు, 32.3 శాతం పురుషులు అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల వాటా ఇంకా ఎక్కువ, 36.3 శాతం. దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి, అంటే పది కోట్ల పైచిలుకు మందికి స్లీప్ ఆప్నియా ఉంది. వాళ్లలో ఎక్కువమంది పరీక్ష మాట అటుంచి, జబ్బు పేరు కూడా వినలేదు.

భారతీయులకు బరువు గీత కూడా వేరు. మన శరీరాల్లో కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ. అందుకే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యులు లెక్క కడతారు. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 68 కిలోలు దాటగానే స్థూలకాయం గీత దాటుతాడు. అదే మనిషి 75 కిలోలుంటే చుట్టాలు ‘కాస్త ఒళ్లు చేశాడు’ అంటారు, అంతే. ఆ ‘కాస్త’లోనే మెడ చుట్టూ కొవ్వు చేరుతుంది.

బరువుకూ ఆప్నియాకూ ఉన్న లంకెను సూటిగా కొలిచిన పరిశోధన అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగింది. 690 మందిని నాలుగేళ్లు గమనించి 2000లో ప్రచురించిన ఫలితం ఇది: బరువు పది శాతం పెరిగితే ఏహెచ్‌ఐ సుమారు 32 శాతం పెరిగింది, పది శాతం తగ్గితే సుమారు 26 శాతం తగ్గింది. ఎక్కడం కన్నా దిగడం కొంచెం తక్కువ ఫలం ఇచ్చింది. ఈ తేడా గుర్తుంచుకోదగ్గది. ఇంకో మాట కూడా ఆ అధ్యయనమే చెప్పింది. బరువు పది శాతం పెరిగినవాళ్లకు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా కొత్తగా వచ్చే అవకాశం ఆరు రెట్లు.

కొవ్వు ఎక్కడ కరిగితే గొంతుకు మేలు? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ష్వాబ్ బృందం 67 మందిని బరువు తగ్గక ముందు, తగ్గాక ఎంఆర్‌ఐ తీసి చూసింది. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో సగటున పది శాతం బరువు తగ్గినవాళ్లకు ఆప్నియా 31 శాతం మెరుగైంది, ఆ మెరుగుదలకు ప్రధాన కారణం నాలుకలోని కొవ్వు తగ్గడం. నాలుకకూ కొవ్వు పడుతుందనే సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. పొట్ట మీద టేపు పెట్టి నిరుత్సాహపడేవాళ్లు ఇది తెలుసుకోవాలి. బెల్టు ఇంకో రంధ్రం బిగించక ముందే లోపల గాలి దారి కొంత విశాలమై ఉండవచ్చు.

స్వల్ప ఆప్నియా ఉన్నవాళ్లకు బరువు తగ్గడం దాదాపు మందుతో సమానం. ఫిన్లండ్‌లో 2009 నాటి ఒక పరీక్షలో ఏడాదిలో సగటున పది కిలోల పైన తగ్గినవాళ్లలో 63 శాతం మందికి ఆప్నియా పూర్తిగా పోయింది, మామూలు సలహాలతో సరిపెట్టినవాళ్లలో 35 శాతం మందికే పోయింది. షుగరు, స్థూలకాయం రెండూ ఉన్న 264 మందితో అమెరికాలో చేసిన ‘స్లీప్ అహెడ్’ పరీక్షలో, ఆహారం, వ్యాయామం మీద గట్టిగా పనిచేసిన బృందం ఏడాదిలో సగటున 10.8 కిలోలు తగ్గింది. వాళ్లలో పూర్తిగా నయమైనవాళ్లు 13.6 శాతం, రెండో బృందంలో 3.5 శాతం. మూడు రెట్లకు పైగా తేడా, సంతోషించదగ్గదే. కానీ అదే లెక్కను తిప్పి చదివితే, పది కిలోలు తగ్గినా వందలో 86 మందికి జబ్బు ఎంతో కొంత మిగిలింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బరువు తగ్గినవాళ్లకు గురక తగ్గుతుంది, పగలు హుషారుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు నిద్రపోగలుగుతారు. దాంతో సీప్యాప్ మెషీన్ అటకెక్కుతుంది. చప్పుడు తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం మానిందని చెప్పలేం. 90 కిలోల మనిషి తొమ్మిది కిలోలు తగ్గాడనుకుందాం. విస్కాన్సిన్ లెక్క ప్రకారం 40 ఉన్న ఏహెచ్‌ఐ 30కి దిగుతుంది. ఎంతో శ్రమపడి సాధించిన మెరుగుదలే, అయినా తీవ్రతకు అంచునే ఉంది. దవడ చిన్నగా ఉన్నవాళ్లకు, టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నవాళ్లకు, వయసు మీద పడి గొంతు కండరాలు సడలినవాళ్లకు బరువుతో నిమిత్తం లేని భాగం ఒకటి మిగిలే ఉంటుంది. థైరాయిడ్ లోపం ఉంటే అది బరువునూ ఆప్నియానూ రెంటినీ ఎగదోస్తుంది, ముందు దాన్ని సరిచేయాలి.

ఆపరేషన్‌తో బాగా బరువు తగ్గినవాళ్ల సంగతీ ఇంతే. బేరియాట్రిక్ సర్జరీ మీద 12 అధ్యయనాలను కలిపి 2009లో చేసిన విశ్లేషణలో సగటు ఏహెచ్‌ఐ 54.7 నుంచి 15.8కి పడింది. అద్భుతమైన తగ్గుదల, అయినా 15.8 అంటే మధ్యస్థ జబ్బే.

కొత్తగా వచ్చిన ఇంజెక్షన్లు ఈ చర్చను మార్చేశాయి. టిర్జెపటైడ్ అనే మందును స్థూలకాయం, మధ్యస్థ లేదా తీవ్ర ఆప్నియా ఉన్న 469 మందిపై 52 వారాలు పరీక్షించి 2024 జూన్‌లో ఫలితాలు ప్రచురించారు. సీప్యాప్ వాడనివాళ్లలో ఏహెచ్‌ఐ గంటకు సగటున 25.3 తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 5.3. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని స్లీప్ ఆప్నియాకు తొలి మందుగా అనుమతించింది, అదీ తక్కువ కేలరీల ఆహారం, వ్యాయామంతో కలిపి వాడాలన్న షరతుతో. మన దేశంలో 2025 మార్చిలో ‘మౌంజారో’ పేరుతో ఈ మందు విడుదలైనప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ ధర 3,500 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 14,000. వికారం, విరేచనాలు, మలబద్ధకం సాధారణంగా కనిపించే ఇబ్బందులు. ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొస్తుందని పరీక్షల్లోనే తేలింది. ఇది డాక్టరు చీటీతో, డాక్టరు కనుసన్నల్లో వాడాల్సిన మందు. పక్కింటివాళ్లకు పనిచేసిందని కొనుక్కునేది కాదు.

నిద్ర చెడితే బరువు పెరగడం కూడా నిజమే. షికాగో విశ్వవిద్యాలయంలో 2004లో పన్నెండుమంది ఆరోగ్యవంతులైన యువకులకు రెండు రాత్రులు నాలుగేసి గంటల నిద్రే ఇచ్చి చూస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి మనసు పోయింది. ఆప్నియా ఉన్న మనిషి రోజూ ఇదే స్థితిలో నిద్ర లేస్తాడు. నడకకు ఓపిక ఉండదు, పదకొండు గంటలకల్లా సమోసా గుర్తొస్తుంది. అలాంటి మనిషిని ‘నోరు కట్టుకోలేవు’ అని ఆడిపోసుకోవడం అన్యాయం. ముందు అతనికి నిద్ర కావాలి. సీప్యాప్ పెట్టుకుంటే చాలు, బరువు దానంతటదే దిగుతుందనుకోవడమూ పొరపాటే. మెషీన్ మొదలుపెట్టినవాళ్లు సగటున కాస్త బరువు పెరిగినట్టు పలు పరీక్షలు చూపించాయి. మెషీన్ ఇచ్చిన ఓపికను నడకకు, వంటింటికి మళ్లించుకుంటేనే రెండూ కలిసివస్తాయి.

ఆ వంటింటి సలహా కోసం ఏఎస్ రావు నగర్ వాళ్లు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. నాచారం దాటి తార్నాక చేరితే ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు తరలి, ఆ తర్వాత ఈ సంస్థ అయింది. ఇది 2024 మేలో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన కంచాల్లో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది. అంటే అన్నం మానెయ్యక్కర్లేదు, రెండోసారి వడ్డించుకునే అన్నం బదులు పప్పు, కూర వడ్డించుకోవాలి. వారానికి అరకిలో తగ్గడం క్షేమమనీ, రోజుకు వెయ్యి కేలరీల కన్నా తక్కువ తినకూడదనీ కూడా ఈ సంస్థ చెబుతోంది. ఆ లెక్కన తొమ్మిది కిలోలకు నాలుగు నెలల పైనే పడుతుంది. నెలకు పది కిలోలని గోడల మీద కనిపించే ప్రకటనలతో దీనికి పొత్తు లేదు.

నడక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బరువు పెద్దగా తగ్గకపోయినా వ్యాయామం ఆప్నియాను తగ్గిస్తుంది. 2011లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్షలో పన్నెండు వారాల వ్యాయామంతో ఏహెచ్‌ఐ సగటున 32 నుంచి 25కి దిగింది, తూకంలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే. సైనిక్‌పురి చెట్ల నీడలోనో, ఉప్పల్ భగాయత్ రోడ్ల మీదో పొద్దున నడిచేవాళ్లు తూకం కదల్లేదని మానేయకూడదు.

ఆడవాళ్ల దగ్గర ఈ జబ్బు మరుగున పడిపోతోంది. మగవాడి గురక గురించి భార్య డాక్టరుకు చెబుతుంది, ఆమె గురక గురించి చెప్పేవాళ్లు ఎవరు? ఆడపిల్ల గురక పెడుతుందని చెప్పుకోవడం నామోషీ. పైగా స్త్రీలలో గురక కన్నా నీరసం, పొద్దుటి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ముందు కనిపిస్తాయి. వాటిని రక్తహీనత ఖాతాలోనో, దిగులు ఖాతాలోనో వేసేస్తారు. నెలసరి ఆగాక ముప్పు బాగా పెరుగుతుంది. యాభై దాటిన అమ్మ మధ్యాహ్నం టీవీ ముందు రోజూ కూర్చునే తూగుతుంటే, రాత్రి ఆమె ఊపిరిని ఒకసారి గమనించాల్సిన బాధ్యత పిల్లలది.

బండి నడిపేవాళ్ల విషయంలో జాప్యం పనికిరాదు. చికిత్స లేని ఆప్నియా ఉన్న డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం రెండు రెట్లకు పైనే. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి తెల్లవారుజామున వరంగల్ దారి పట్టే లారీ, బస్సు, క్యాబ్ డ్రైవర్లలో సిగ్నల్ దగ్గర కునికేవాళ్లు ఉంటే ముందు పరీక్ష, ఆ తర్వాతే స్టీరింగ్.

పరీక్షకు ముందుగా వెళ్లాల్సింది ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గరికో, ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికో. స్లీప్ స్టడీలో నొప్పి ఉండదు. తలకు, గడ్డానికి, కళ్ల పక్కన తీగలు అతికిస్తారు, ఛాతీకి, పొట్టకు పట్టీలు కడతారు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. రాత్రంతా మెదడు తరంగాలు, ఊపిరి, గుండె కొట్టుకోవడం నమోదవుతాయి. చాలామందికి ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష సరిపోతుంది. జబ్బు తేలితే మధ్యస్థ, తీవ్ర దశల్లో సీప్యాప్‌ను వెంటనే మొదలుపెట్టి, బరువు తగ్గించే పని దానితోపాటే సాగించాలి. ముందు బరువు తగ్గి చూద్దాం అని ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలలూ గుండె మీదే భారం. రాత్రి మద్యం తాగే అలవాటు ఉంటే మానాలి, అది గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి బాగా ఉపకరిస్తుంది.

ఇంట్లో ఎవరికైనా గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే ఫోన్లో ఒకట్రెండు నిమిషాలు రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి. జబ్బు ఉందని తేలి, శ్రమపడి పదో వంతు బరువు తగ్గినవాళ్లు మరోసారి స్లీప్ స్టడీ చేయించుకోండి. మెషీన్ తీసేయాలా, ఒత్తిడి తగ్గించి కొనసాగించాలా అన్నది ఆ రెండో రిపోర్టు చూసి డాక్టరు చెప్పాలి.